పరిశుద్ధ గ్రంథములో పుస్తకముల స్థానము – మన తెలుగు సంఘముల అనుభవము

"బైబిలు" అను పేరునకు పుస్తకములు అని అర్థము. ఇది గ్రీకు భాషనుండి వచ్చిన మాట. పూర్వకాలమున ఫేనీకే తీరమునందు బిబ్లోసు అను రేవుపట్టణము ఉండెను. ఐగుప్తులో జమ్ముతో చేసిన వ్రాతకాగితము ఆ పట్టణము మీదుగా గ్రీకుల దేశమునకు ఎగుమతి యగుచుండెను. అందువలన గ్రీకులు ఆ కాగితమును, దానిపై వ్రాసిన పుస్తకమును ఆ ఊరి పేరుతోనే పిలిచిరని చెప్పుదురు. పాత నిబంధనలో 39, క్రొత్త నిబంధనలో 27, మొత్తము 66 పుస్తకములు మనము ఒక్క అట్టలో కట్టి చేతపట్టుకొనుచున్నాము. మన భాషలోని "గ్రంథము" అను మాటకు మూలార్థము ముడి, కట్ట. మన పెద్దలు తాటాకులపై గంటముతో వ్రాసి, ఆకులకు రంధ్రము చేసి, త్రాడు దూర్చి కట్టిన కట్టయే గ్రంథము. కాబట్టి "పరిశుద్ధ గ్రంథము" అను పేరులోనే అనేకమైన వ్రాతలను ఒకటిగా కూర్చిన భావము ఇమిడియున్నది.

శతవార్షిక సంచికకు వ్యాసము వ్రాయవలెనని అడిగినప్పుడు, బాగ్ లింగంపల్లి, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతములలో నివసించు మేము కొందరము కలిసి ఆలోచించుకొంటిమి. భవనముల చరిత్ర, మిషనెరీ దొరల చరిత్ర ఇతరులు వ్రాయుదురు. పుస్తకముల మధ్య నివసించు మేము పుస్తకమును గూర్చియే వ్రాయుట యుక్తమని తోచినది. దేవుడు తన మాటను ఎందుకు వ్రాయించెను? వ్రాసినది ఎన్నిమార్లు పోయినది, ఎన్నిమార్లు దొరికినది? అది మన చేతికి ఎట్లు వచ్చినది? రేపు మన పిల్లల చేతిలో నుండునా? ఈ నాలుగు ప్రశ్నలే ఈ వ్యాసము.

వ్రాయుమను ఆజ్ఞ

బైబిలులో వ్రాయుమని దేవుడు ఆజ్ఞాపించిన సంగతి మొదట నిర్గమకాండము 17వ అధ్యాయమున కనబడును. అమాలేకీయులతో యుద్ధము ముగిసిన తరువాత ఆ సంగతిని జ్ఞాపకార్థముగా పుస్తకములో వ్రాసి యెహోషువకు వినిపించుమని మోషేకు సెలవైనది. ఇక్కడ రెండు మాటలు గమనింపవలెను. ఒకటి వ్రాయుట, రెండవది వినిపించుట. ఈ రెండును బైబిలులో చివరి పుస్తకము వరకు విడిపోవు.

తరువాత సీనాయి కొండపై రాతిపలకల సంగతి. మొదటి పలకలను దేవుడే చేసి తానే వ్రాసెను. ప్రజలు దూడను చేసికొనినది చూచి మోషే వాటిని కొండ దిగువను పగులగొట్టెను. అంతటితో కథ ముగిసిపోలేదు. మొదటివాటివంటి రెండు పలకలను నీవే చెక్కి తెమ్మని దేవుడు మోషేతో చెప్పెను. ఈసారి చెక్కిన చెయ్యి మనుష్యునిది, వ్రాత దేవునిది. దేవుని మాటను నిలువబెట్టు పనిలో మనుష్యుని చెమటకు కూడ చోటు దొరికినది అచ్చటనే.

ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో మరియొక విచిత్రమైన నియమమున్నది. ఇశ్రాయేలుకు రాజైనవాడు ధర్మశాస్త్రపు ప్రతిని తనకొరకు వ్రాసికొని, బ్రదుకు దినములన్నిటను దానిని చదువవలెను. తన సహోదరులకంటె తాను గొప్పవాడనని గర్వింపకుండునట్లు ఈ నియమము. అదే పుస్తకములో 31వ అధ్యాయమున, ఏడేండ్లకొకసారి పర్ణశాలల పండుగలో ధర్మశాస్త్రమును అందరికిని చదివి వినిపింపవలెనని యున్నది. అందరనగా పురుషులు, స్త్రీలు, పిల్లలు, ఊరిలోనున్న పరదేశులు సహితము. చదువు కొద్దిమంది సొత్తుగా నుండిన ఆ కాలపు లోకములో ఇది ఎంత పెద్ద మాటయో ఆలోచింపవలెను. రాజు చదువవలసిన గ్రంథమునే కూలివాడును వినవలెను.

తండ్రి బట్టలు చింపెను, కుమారుడు గ్రంథము కోసెను

గ్రంథము ఎట్లు పోవును? శత్రువులు దోచుకొనిపోవుదురని మనము తలంతుము. 2 రాజులు 22వ అధ్యాయము వేరొక సంగతి చెప్పుచున్నది. యోషీయా రాజు ఏలుబడిలో పదునెనిమిదవ సంవత్సరమున, అనగా క్రీ.పూ. 622 ప్రాంతమున, దేవాలయమునకు మరమ్మతు జరుగుచుండెను. వడ్రంగులకు, తాపీపనివారికి కూలి ఇచ్చుటకై ద్రవ్యము లెక్కించుచున్న ఆ దినములలో, ప్రధానయాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథము మందిరములో దొరికినది. అది శత్రువు చేతిలో పోయినది కాదు. యాజకులు ప్రతిదినము ధూపము వేయుచున్న మందిరములోనే పోయినది. ఆరాధన ఆగలేదు, బలులు ఆగలేదు. గ్రంథము మాత్రము ఎక్కడనున్నదో ఎవరికిని తెలియదు, లేదని ఎవరును వెదకలేదు.

శాస్త్రియైన షాఫాను దానిని రాజు ఎదుట చదివెను. రాజు విని తన బట్టలు చింపుకొనెను. దాని అర్థము తెలిసికొనుటకు వారు హుల్దా అను ప్రవక్త్రి యొద్దకు పోయిరి. దొరికిన గ్రంథము సంగతి యెహోవా మాటయే అని ధ్రువపరచినది ఒక స్త్రీ యని మన సహోదరీలు గుర్తుంచుకొందురు గాక.

ఈ యోషీయా కుమారుడే యెహోయాకీము. యిర్మీయా 36వ అధ్యాయములో అతని కథ యున్నది. యిర్మీయా చెప్పుచుండగా బారూకు పుస్తకపు చుట్టలో వ్రాసెను. ఉపవాస దినమున దేవాలయములో చదివి వినిపించెను. పిమ్మట ఆ చుట్ట రాజు యొద్దకు వచ్చినది. చలికాలము. రాజు ఎదుట కుంపటి మండుచుండెను. యెహూది మూడు నాలుగు వరుసలు చదువగానే రాజు చాకుతో ఆ భాగమును కోసి నిప్పులో వేయుచుండెను. చుట్టయంతయు కాలిపోవువరకు అట్లే జరిగినది. కాల్చవద్దని బతిమాలిన ముగ్గురిలో ఒకడు గెమర్యా. అతడు షాఫాను అనువాని కుమారుడు. యోషీయాకు గ్రంథమును చదివి వినిపించిన షాఫానే అతని తండ్రి యని అనేకులు తలంతురు. తండ్రి గ్రంథము విని బట్టలు చింపుకొనెను. కుమారుడు బట్టలు చింపుకొనక గ్రంథమునే కోసెను. ఒక్క తరములో ఇంత మార్పు.

అయితే ఆ అధ్యాయము బూడిదతో ముగియలేదు. యిర్మీయా మరియొక చుట్ట తీసికొని బారూకుకిచ్చెను. కాలినదంతయు మరల వ్రాయబడెను, అట్టివి ఇంక ననేక మాటలును చేర్చబడెను. రాజుల గ్రంథమువలె అది మందిరములో దొరికినది కాదు. కూర్చుండి మరల వ్రాసిన ఒక మనుష్యుని ఓర్పువలన కలిగినది.

కుండలో దాచిన పత్రము

అదే యిర్మీయా, యెరూషలేము ముట్టడిలో నుండగా, అనాతోతులోని తన పినతండ్రి కుమారుని పొలమును పదునేడు తులముల వెండికి కొనెను. సాక్షుల ఎదుట క్రయపత్రము వ్రాయించెను. ముద్రవేసినది ఒకటి, ముద్రవేయనిది ఒకటి, రెండు ప్రతులను మంటికుండలో పెట్టించెను. అవి బహు దినములు నిలుచుటకై అట్లు చేసెను. ఇల్లు కొనినవారికి, స్థలము రిజిస్టరు చేయించినవారికి ఈ జాగ్రత్త బాగుగా తెలియును. ఊరు పడిపోవుచుండగా పొలము కొనుట వెఱ్ఱితనముగా కనబడును. కాని మరల ఈ దేశములో ఇండ్లును పొలములును కొనబడునను నమ్మకమునకు ఆ పత్రమే సాక్షి.

మంటికుండ ఎంతకాలము కాపాడగలదో మన కాలమున లోకము చూచినది. 1947లో మృతసముద్రపు ఒడ్డున కుమ్రాను గుహలలో పశువుల కాపరులకు కుండలలో చర్మపు చుట్టలు దొరికినవి. వాటిలో యెషయా గ్రంథము పూర్తిగా నున్నది. అది సుమారు రెండువేల సంవత్సరముల క్రిందటి ప్రతి.

నీటి గుమ్మము ఎదుట

బబులోను చెరనుండి వచ్చిన ప్రజలు యెరూషలేము ప్రాకారము కట్టిన తరువాత నీటి గుమ్మము ఎదుటనున్న మైదానములో కూడుకొనిరని నెహెమ్యా 8వ అధ్యాయము చెప్పుచున్నది. ప్రజలే ఎజ్రాను గ్రంథము తెమ్మని అడిగిరి. కఱ్ఱతో చేసిన పీఠముపై అతడు నిలువబడి ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు చదివెను. పురుషులు, స్త్రీలు, గ్రహింపగలిగిన వారందరును వినిరి. లేవీయులు ప్రజల మధ్య తిరుగుచు చదివినదానికి అర్థము చెప్పిరి. చెరలో పుట్టి పెరిగినవారిలో అనేకులకు హెబ్రీ భాషకంటె అరామిక్ భాష అలవాటైనదని పండితులు చెప్పుదురు. వినిన ప్రజలు ఏడ్చిరి.

ప్రభువైన యేసు తాను ఏ పుస్తకమును వ్రాయలేదు. వ్రాసినట్లు మనకు తెలిసినది ఒక్కసారి మాత్రమే, అదియు నేలమీద వ్రేలితో. కాని నజరేతు సమాజమందిరములో యెషయా గ్రంథము విప్పి, చదివి, చుట్టి, పరిచారకునికిచ్చి కూర్చుండెనని లూకా 4వ అధ్యాయములో ఎంత వివరముగా చెప్పబడినదో చూడుడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో రథముమీద పోవుచున్న ఐతియొపీయుడు పైకి చదువుకొనుచుండెను గనుకనే ఫిలిప్పు వినగలిగెను. గ్రహించుచున్నావా అని అడుగగలిగెను. పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాసిన ఆఖరు పత్రికలో, త్రోయలో కర్పు ఇంట విడిచిన అంగీని, పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని కోరెను. చలికి అంగీ ఎంత అవసరమో ఆయనకు పుస్తకములు అంత అవసరము. రోమా పత్రికను పౌలు చెప్పుచుండగా చేతితో వ్రాసినవాడు తెర్తియు. ఆ పత్రికలోనే సంఘమునకు ఒప్పగింపబడిన సహోదరి ఫీబే. ఒకరు చెప్పుట, ఒకరు వ్రాయుట, ఒకరు మోసికొనిపోవుట, ఒకరు చదువుట, అందరును వినుట: సంఘములో గ్రంథము బ్రదికినది ఈ విధముగానే.

తెలుగు చేతికి వచ్చిన గ్రంథము

ఇప్పుడు మన తెలుగు దేశమునకు వత్తము. మోషే పలకలు పగులుట, బారూకు చుట్ట కాలుట వంటి సంగతులు మన బైబిలు చరిత్రలోను జరిగినవి.

తెలుగులోనికి బైబిలును తర్జుమా చేయుటకు మొదట పూనుకొన్నవాడు జర్మనీ దేశపు లూథరన్ మిషనెరీ బెంజమిన్ షుల్జ్. మద్రాసులో నుండి పనిచేసి 1727లో క్రొత్త నిబంధనను, 1732లో పాత నిబంధనను ముగించెను. అది అచ్చు కాలేదు. ఆయన జర్మనీకి తిరిగిపోయిన పిమ్మట హాలే పట్టణమున 1746, 1747 సంవత్సరములలో ప్రశ్నోత్తరముల పుస్తకము మొదలైన కొన్ని చిన్న పుస్తకములను తెలుగు అక్షరములతో అచ్చు వేయించెను. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకములు ఇవేయని చరిత్రకారులు చెప్పుదురు. మన అక్షరము మొదట అచ్చులోనికి ఎక్కినది గోదావరి ఒడ్డున కాదు, కృష్ణ ఒడ్డున కాదు; ఎక్కడో జర్మనీలో.

తరువాత 1805లో లండన్ మిషను వారైన జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజ్ విశాఖపట్టణము చేరిరి. బ్రాహ్మణ కుటుంబమున పుట్టి క్రీస్తును అంగీకరించిన ఆనందరాయరు వారికి తర్జుమాలో కుడిభుజమైనాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజ్ 1810లో మరణించిరి. పని సగములోనే ఉండెను. వారు సిద్ధపరచిన సువార్తలు బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయినవి. ఆ శ్రీరాంపూరులో విలియం కేరీ ఆధ్వర్యమున అనేక భాషలలో బైబిలు తర్జుమా జరుగుచుండెను. 1812 మార్చి 11వ తేదీ రాత్రి ఆ ముద్రణాలయమునకు నిప్పంటుకొనెను. తెలుగు అచ్చుదిమ్మలు కరిగిపోయినవి. కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణపు ప్రతి కూడ కాలిపోయినది. ఏండ్ల తరబడి చేసిన శ్రమ ఒక్క రాత్రిలో బూడిదైనది.

కేరీ, ఆయన సహచరులు బారూకువలెనే మరల కూర్చుండిరి. బూడిదలోనుండి కరిగిన లోహమును ఏరి అక్షరములు మరల పోతపోసిరి. తెలుగు వ్యాకరణము 1814లో అచ్చయినది. 1818లో శ్రీరాంపూరు తెలుగు క్రొత్త నిబంధన వెలువడినది. ఆ కాలముననే విశాఖలో ఎడ్వర్డ్ ప్రిట్చెట్ చేసిన తర్జుమా మద్రాసులో అచ్చయినది. తుదకు 1854 నాటికి తెలుగులో బైబిలు సంపూర్ణముగా లభించినది. షుల్జ్ కలము పట్టిన నాటినుండి లెక్కించిన నూట ఇరువది ఏండ్లకు పైగా పట్టినది. ఈ మధ్య కాలములో ఎందరు పండితులు, లేఖకులు, అక్షరములు కూర్చిన పనివారు శ్రమించిరో! వారిలో అనేకుల పేర్లు తెర్తియు పేరువలె ఒక్క వాక్యములోనైనను మిగులలేదు.

షావుకారు ఖాతాలోనుండి సంఘపు రిజిస్టరులోనికి

గ్రంథము అచ్చయినది గాని చదువువారు ఎవరు? తెలుగు నాట మన సంఘములలో చేరిన మొదటి తరమువారిలో అనేకులు మాల మాదిగ పల్లెలలో పుట్టినవారు. బడి గడప త్రొక్కుటకు వారికి వీలులేని కాలము. మన నైజాము ప్రాంతమున మరియొక కష్టమున్నది. రాజభాష ఉర్దూ. తెలుగు చదువునకు ఆదరణ తక్కువ. హైదరాబాదు నగరములో తెలుగువారి కొరకు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినదే 1901లో. అట్టి దినములలో పల్లెలోని ఉపదేశి, పగలంతయు దొరల పొలములలో వెట్టి చేసి వచ్చినవారిని రాత్రి లాంతరు వెలుగులో కూర్చుండబెట్టి ఓనమాలు దిద్దించెను. బైబిలు స్త్రీలు గడప గడపకు పోయి, చదువురాని తల్లులకు వాక్యము చదివి వినిపించి, కంఠస్థము చేయించిరి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలైనవారి కీర్తనలు పుస్తకము లేనివారికి పుస్తకమైనవి. మెదక్ మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. తరువాత దాని కిటికీల రంగు అద్దములలో క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చిత్రింపబడినవి. అక్షరము రానివాడు తలయెత్తి వాటిని చదివెను.

1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. తమిళనాట పుట్టిన ఆయన తెలుగు నేర్చుకొని తెలుగు పల్లెలలో బోధించిరి. మనకు గ్రంథమును అందించుటకు ముందుగా మన భాష నేర్చుకొనుట అవసరమని ఆ తరమువారు ఎరిగిరి.

ఇక్కడ ఒక సంగతి మేము ప్రత్యేకముగా చెప్పగోరుచున్నాము. మన పాత పాస్టరేటులలోని బాప్తిస్మపు రిజిస్టరులను విప్పి చూడుడు. పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, బాప్తిస్మమిచ్చిన గురువు సంతకము. మన తాతముత్తాతలలో చాలమంది పేరు అంతకుముందు వ్రాసియున్న చోటు ఏదైన ఉన్నదనిన, అది షావుకారు అప్పుల ఖాతాయే. అప్పు పుస్తకములో తప్ప మరెక్కడను పేరు లేని మనుష్యుని పేరు దేవుని మందిరపు పుస్తకములోనికి ఎక్కినది. ఎజ్రా 2వ అధ్యాయములో వంశావళి పుస్తకమందు పేరు కనబడని యాజకులు ప్రక్కకు నిలిచిన సంగతి యున్నది. పేరు వ్రాయబడుటయనిన ఏమో బైబిలుకు తెలియును. ప్రభువు తన శిష్యులను దయ్యములు లోబడినందుకు కాదు, తమ పేర్లు పరలోకమందు వ్రాయబడినందుకు సంతోషింపుమనెను. ప్రకటన గ్రంథము చివరను జీవగ్రంథము విప్పబడును. వేలిముద్ర వేసిన తాత, సంతకము పెట్టిన తండ్రి, పట్టా పుచ్చుకొనిన కుమార్తె: ఈ మూడు మెట్లు ఎక్కించినది ఈ గ్రంథమే.

మన ప్రాంతము, మన కర్తవ్యము

మేము నివసించు ప్రాంతమును చూడుడు. బాగ్ అనగా తోట. తోట పోయి కాలనీలు వచ్చినవి గాని, ఇది ఇప్పుడు పుస్తకముల తోటయనిన తప్పులేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో పోటీపరీక్షల కొరకు చదువు యువకులు ఉదయమునుండి రాత్రి వరకు కూర్చుందురు. అశోక్ నగర్ వీధులు కోచింగు సెంటర్లతో నిండియున్నవి. 1964లో రాజమండ్రిలో ప్రారంభమై తరువాత మన నగరమునకు వచ్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల దిగువ ట్యాంకుబండు చెంతనే యున్నది. ఇంకొంత దూరము పోయిన సికింద్రాబాదులో బైబిల్ హౌస్. చదువుకొనదలచినవానికి ఇక్కడ కొరత లేదు.

అయినను పుస్తకము ఎంత బలహీనమైనదో మా కన్నులకు కనబడినది కూడ ఇక్కడనే. 2000 ఆగస్టు మాసములో వచ్చిన వరదలో బాగ్ లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రములోనికి నీరు చొచ్చినది. అబ్దుస్సమద్ ఖాన్ గారు జీవితమంతయు సేకరించిన ఉర్దూ పుస్తకముల భాండారము అచ్చటనుండెను. అపురూపమైన పుస్తకములెన్నో తడిసినవి. వాటిని ఆరబెట్టి కాపాడుటకు పలువురు శ్రమించిరి. ఆ భాష మనది కాకపోవచ్చును, ఆ మతము మనది కాకపోవచ్చును. కాని తడిసిన పుటను చింపక విడదీయు ఓర్పు బారూకు ఓర్పే.

అగ్నికంటె, నీటికంటె యోషీయా కాలపు సంగతియే మమ్మును ఎక్కువగా కలవరపెట్టుచున్నది. గ్రంథము మందిరములోనే పోవచ్చును. నేడు మన ఇండ్లలో బైబిళ్లు లేవా? ఉన్నవి. పెండ్లికి ఇచ్చినది ఒకటి, నిర్ధారణకు ఇచ్చినది ఒకటి, చేతిలోని ఫోనులో ఒకటి. కాని మన పిల్లలలో అనేకులు ఇంగ్లీషు మీడియములో చదివి తెలుగు అక్షరములు కూడబలుకుకొనలేకున్నారు. ఆరాధనలో పాఠము చదువుమని పిలిచిన తల వంచుకొనుచున్నారు. పాటలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొని పాడుచున్నారు. మన పాత తర్జుమాలోని గ్రాంథిక భాష వారికి ఎజ్రా కాలపు హెబ్రీ వలె దూరమైనది. లాంతరు వెలుగులో తాత సంపాదించిన అక్షరమును ట్యూబులైటు క్రింద మనుమడు పోగొట్టుకొనుచున్నాడు. ఇది ఎవరిని నిందించుటకు చెప్పుమాట కాదు. బ్రదుకుతెరువు కొరకు ఇంగ్లీషు కావలెను. అయితే అవ్వ ప్రార్థించిన భాషను మనుమరాలు చదువలేనప్పుడు ఇంటిలో ఏదో ఒకటి తెగిపోవుచున్నది.

దీనికి నెహెమ్యా 8వ అధ్యాయములోనే మందున్నది. భాష మరచిన ప్రజలను ఎజ్రా గద్దించి పంపివేయలేదు. లేవీయులు వారి మధ్యకు దిగి అర్థము చెప్పిరి. మన సండేస్కూళ్లలో నేడు అట్టి లేవీయులు కావలెను. కాబట్టి సంఘస్థుల ఆలోచన కొరకు మేము ఈ నాలుగు మాటలు ముందుంచుచున్నాము.

ఒకటి. ప్రతి ఇంటిలో దినమునకు ఒక అధ్యాయము తెలుగులో పైకి చదువుట. పిల్లవాడు తప్పు చదివినను నవ్వక దిద్దుట. అర్థము కాని మాటను వాడుక తెలుగులో, కావలసిన ఇంగ్లీషులో చెప్పుట.

రెండు. వేసవి బైబిలు పాఠశాలలో ఆటపాటలతోపాటు తెలుగు అక్షరములు నేర్పుట. ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు మన సంఘములలో కొల్లలుగా నున్నారు. వారికి ఇంతకంటె మంచి పరిచర్య లేదు.

మూడు. పాత రిజిస్టరులను, పాస్టరేటు కమిటీ మినిట్సు పుస్తకములను, కుటుంబ బైబిళ్ల మొదటి పుటలలో వ్రాసియున్న జనన మరణ వివాహముల తేదీలను వెదకి తీయుట. శతవార్షికమునకై అనేకచోట్ల మందిరములకు మరమ్మతులు చేయించి రంగులు వేయించుచున్నాము. యోషీయా కాలమునను మరమ్మతు జరుగుచుండగానే గ్రంథము దొరికినది. బీరువాను జరిపి గోడకు రంగు వేయువేళ, దాని క్రింద ఏమున్నదో పాతకాగితముల వానికి వేయకముందు చూడవలెను. చెదపట్టని పెట్టెలో భద్రపరచి, ఫోటో ప్రతులు తీయించి వేరొకచోట ఉంచవలెను. యిర్మీయా రెండు ప్రతులు చేయించెనని మరువకుడు.

నాలుగు. ఇంకను బ్రదికియున్న పెద్దలు చెప్పు సంగతులను ఇప్పుడే వ్రాసికొనుట. మొదట ఏ ఊరినుండి వచ్చిరి, ఎవరి యొద్ద వాక్యము వినిరి, ఏ కష్టము పడిరి, ఏ పాట పాడిరి. వారు చెప్పువారు, మనము బారూకులము. నూరేండ్ల తరువాత మరియొక సంచిక వ్రాయువారికి మనము విడువగల ఆస్తి ఇదియే.

ఇన్ని మాటలు వ్రాసి, కాగితమునే పూజింపుడని మేము చెప్పుట లేదు. పలకలు పగిలినవి, చుట్టలు కాలినవి, దిమ్మలు కరిగినవి. పగిలిన ప్రతిసారి దేవుడు మరల వ్రాయించెను, ప్రతిసారి ఒక మనుష్యుని చేతిని వాడుకొనెను. కొరింథీయుల హృదయములే క్రీస్తు పత్రికయనియు, మనుష్యులందరు దానిని చదువుకొనుచున్నారనియు పౌలు భావము. మన పొరుగువారిలో అనేకులు బైబిలు విప్పరు. మన బ్రదుకును మాత్రము ప్రతిదినము చదువుచున్నారు. గ్రంథము మన ఇండ్లలో విప్పబడి, మన నోట చదువబడి, మన నడతలో మరల వ్రాయబడును గాక. ప్రకటన గ్రంథము ఆరంభములో చదువువానికిని, విని గైకొనువారికిని వాగ్దానము చేయబడిన ధన్యత రాబోవు తరముల తెలుగు సంఘమునకు కలుగును గాక. ఆమేన్.